ఇంట్లో పిల్లలు పెట్టిన పిల్లి: మన బాధ్యత ఎంతవరకు?

మన ఇళ్లలో తరచూ జరిగే విషయమే ఇది. ఎక్కడి నుంచో ఒక పిల్లి వస్తుంది. నాలుగు రోజులు గుమ్మం దగ్గర తచ్చాడుతుంది. పిల్లలు అన్నంలో ఇంత చేప ముక్క కలిపి పెడతారు. అది ఇంటికి మాలిమి అవుతుంది. కొన్నాళ్లకు దాని పొట్ట కిందికి జారుతుంది. ఒకరోజు అటక మీదనో, పాత పరుపుల మధ్యనో సన్నని కూతలు వినిపిస్తాయి. పిల్లలకు అది పండుగ, పెద్దలకు తలనొప్పి. ఇక ఇంట్లో చర్చ మొదలవుతుంది. పాపం ఉండనివ్వమని దాదీ అంటుంది. గోనెసంచిలో వేసి చేపల మార్కెట్ దగ్గర వదిలేసి రమ్మని మరొకరు అంటారు. చాలా ఇళ్లలో చివరికి ఈ రెండో మాటే నెగ్గుతుంది.

పట్టణాల్లో ఇది మరో రూపంలో కనబడుతుంది. పిల్లలు ముచ్చటపడ్డారని డబ్బిచ్చి పర్షియన్ పిల్లిని కొంటారు. అది మూడో అంతస్తులోని ఫ్లాట్‌లో, మూసిన తలుపుల వెనుక పెరుగుతుంది. జత కలిపిస్తే పిల్లలు పుడతాయని, వాటిని అమ్ముకోవచ్చని ఎవరో చెబుతారు. పిల్లి కడుపుతో ఉందని తెలిశాక దానికి ఏం పెట్టాలో, కాన్పు కష్టమైతే ఎవరి దగ్గరకు తీసుకెళ్లాలో ఇంట్లో ఒక్కరికీ తెలియదు.

పిల్లిని పెంచడం ధర్మసమ్మతమేనా అని అడిగేవారు మాకు చాలామంది కనబడతారు. పెంచిన తర్వాత దాని విషయంలో అల్లాహ్ ముందు ఏం సమాధానం చెప్పుకోవాలి అని అడిగేవారు మాత్రం అరుదు. నిజానికి ఈ రెండో ప్రశ్నే బరువైనది. ముఖ్యంగా ఆ పిల్లి కడుపుతో ఉన్నప్పుడు, పాలిచ్చే పిల్లలతో ఉన్నప్పుడు ఈ ప్రశ్న మరింత బరువెక్కుతుంది.

చుట్టూ తిరిగే జీవి

మొదటి ప్రశ్నకు సమాధానం సులువు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ చేసుకోబోతుండగా ఒక పిల్లి వచ్చింది. ఆయన పాత్రను వంచి, అది తృప్తిగా తాగేవరకు పట్టుకున్నారు. ఆయన కోడలు హజ్రత్ కబ్షా ఆశ్చర్యంగా చూశారు. పిల్లి అశుద్ధమైన జంతువు కాదనీ, అది మీ చుట్టూ తిరుగుతూ ఉండేవారిలో ఒకటనీ దైవప్రవక్త (స) సెలవిచ్చారని ఆయన ఆమెకు వివరించారు. ఈ హదీసు అబూ దావూద్, తిర్మిజీ తదితర గ్రంథాలలో ఉంది. పిల్లి ఎంగిలి విషయంలో ఇమాముల మధ్య కొద్దిపాటి అభిప్రాయ భేదం ఉంది. కానీ పిల్లి దేహం అశుద్ధం కాదనే విషయం స్పష్టమే.

ఇక్కడ ఒక మాటను గమనించాలి. 'చుట్టూ తిరిగేవారు' అనే అర్థం వచ్చే 'తవ్వాఫీన్' పదాన్ని దైవప్రవక్త (స) వాడారు. దివ్య ఖుర్ఆన్‌లోని నూర్ సూరా 58వ ఆయతులో ఇదే ధాతువు నుంచి వచ్చిన పదం ఉంది. ఇంట్లో సేవకులు, చిన్నపిల్లలు లోపలికీ బయటికీ తిరుగుతుంటారని చెప్పే సందర్భం అది. అంటే పిల్లిని ఇంట్లో మసలే సేవకుల సరసన, చిన్నారుల సరసన నిలబెట్టిన మాట ఇది. ఇంట్లో మసలేవారు మన దయాదాక్షిణ్యాల మీద ఆధారపడినవారు. వారి విషయంలో మనల్ని ప్రశ్నించడం జరుగుతుంది.

ఇదే సందర్భంలో మరో విషయం చెప్పాలి. పిల్లుల మీద ప్రేమతో కొందరు నిరాధారమైన మాటలను దైవప్రవక్త (స)కు ఆపాదిస్తున్నారు. పిల్లిని ప్రేమించడం విశ్వాసంలో భాగమనే మాట హదీసు కాదు, అది కల్పితమని ముల్లా అలీ ఖారీ (రహ్మ) వంటి పండితులు తేల్చి చెప్పారు. దైవప్రవక్త (స)కు ముఇజ్జా అనే పిల్లి ఉండేదనీ, దాని నిద్ర చెడకుండా తన అంగీ చేతిని కత్తిరించుకున్నారనీ చెప్పే కథ కూడా ప్రామాణిక హదీసు గ్రంథాల్లో లేదు. ప్రామాణికమైన బోధనలే మనకు చాలు. వాటిని ఆచరించడమే మిగిలింది.

ఆ స్త్రీ చేసిన నేరం ఏమిటి?

పిల్లి కారణంగా ఒక స్త్రీ నరకానికి పోయిన హదీసు మనలో చాలామంది విన్నదే. బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాలలోనూ ఉంది. అయితే ఎన్నోసార్లు విన్నందువల్ల కాబోలు, అందులోని సూక్ష్మాన్ని మనం పట్టించుకోం. ఆమె ఆ పిల్లిని కొట్టి చంపిందని హదీసులో లేదు. విషం పెట్టిందని లేదు. ఆమెకు పిల్లులంటే ద్వేషమని కూడా లేదు. ఆమె చేసింది రెండే పనులు. పిల్లిని బంధించింది. బంధించాక దానికి తిండి పెట్టలేదు, నేల మీది పురుగూ పుట్రా తిని బతకడానికి వదలనూ లేదు.

అంటే ఆమె ముందు రెండు దారులు ఉన్నాయి. పోషించడం ఒకటి, స్వేచ్ఛగా వదలడం రెండోది. ఈ రెండింట్లో ఏది చేసినా ఆమె దోషి అయ్యేది కాదు. ఆమె రెండు దారులూ మూసేసింది. సకల ప్రాణుల ఉపాధి బాధ్యత అల్లాహ్‌దేనని హూద్ సూరా 6వ ఆయతు తెలుపుతోంది. ఆ ఉపాధిని వెతుక్కునే దారిని ఒక మనిషి మూసేస్తే, ఆ క్షణం నుంచి దాన్ని అందించే పూచీ ఆ మనిషి నెత్తిన పడుతుంది. ఇది మనం గుర్తుంచుకోవలసిన సూత్రం. తలుపు మూయడం అంటే ఒక మాట ఇవ్వడమే.

మన ధర్మవేత్తలు ఈ సూత్రాన్ని వివరంగా చర్చించారు. తన ఆధీనంలోని జంతువును పోషించడం యజమాని మీద విధి అని అందరూ అంగీకరించారు. పోషించనివాణ్ణి న్యాయస్థానం బలవంతపెట్టవచ్చునని ముగ్గురు ఇమాములు చెప్పారు. హనఫీలలో ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) అభిప్రాయమూ అదే. మిగతా హనఫీ పండితులు ఇది న్యాయస్థానం వరకు వచ్చే విషయం కాదన్నారు. అయినా అల్లాహ్ ముందు అతడు దోషేనని స్పష్టం చేశారు. హిజ్రీ 660లో పరమపదించిన ఇమామ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ (రహ్మ) మనిషి మీద జంతువులకు గల హక్కులను ఒక్కొక్కటిగా లెక్కించి రాశారు. ముసలిదై, జబ్బుపడి ఎందుకూ పనికిరాకపోయినా దాని పోషణ ఖర్చు భరించడం ఆ హక్కులలో ఒకటి. ముద్దుగా ఉన్నంతకాలం ఒళ్లో కూర్చోబెట్టుకుని, జబ్బు చేయగానే వీధిలో వదిలేసేవారు ఈ మాట గురించి ఆలోచించాలి.

తాడు లేని బంధం

"మేము ఆ పిల్లిని తెచ్చుకోలేదు, కట్టెయ్యనూ లేదు. దానంతట అదే వచ్చి మా ఇంట్లో పిల్లలు పెట్టింది. మాకేం బాధ్యత?" అని కొందరు అడుగుతారు. న్యాయంగానే కనిపించే ప్రశ్న ఇది.

దీనికి మాలికీ ధర్మశాస్త్ర గ్రంథాలలో ఒక చక్కని ఆధారం దొరుకుతుంది. గుడ్డిదైన ఒక పిల్లి ఎవరి ఇంటికైనా వచ్చి చేరి, అక్కడి నుంచి వెళ్లలేని స్థితిలో ఉంటే, దాన్ని పోషించడం ఆ ఇంటివారి మీద విధి అవుతుందని ఆ పండితులు రాశారు. ఆ ఇంటివారు పిల్లిని కొనలేదు, పిలవలేదు, కట్టెయ్యలేదు. అయినా బాధ్యత వచ్చింది. ఎందుకు? అది వెళ్లలేదు కాబట్టి. వెళ్లగలిగితే ఆ బాధ్యత ఉండదు.

ఇప్పుడు పిల్లలు పెట్టిన పిల్లిని చూడండి. దానికి కళ్లు ఉన్నాయి, కాళ్లు ఉన్నాయి. కానీ దాని కూనలకు మొదటి 7 నుంచి 14 రోజుల వరకు కళ్లు తెరుచుకోవు. మొదటి వారాల్లో తమ ఒంటి వేడిని తాము నిలుపుకోలేవు. తల్లి నాకితే తప్ప మలమూత్ర విసర్జన కూడా సరిగా చేయలేవు. అలాంటి కూనలను వదిలి అది ఎంతసేపు వేటకు వెళ్లగలదు? మరోవైపు, పాలిచ్చే రోజుల్లో దానికి మామూలు రోజులకన్నా రెండు మూడు రెట్ల ఆహారం కావాలి. ఆకలి ఎక్కువ, తిరిగే వీలు తక్కువ. ఆ పిల్లిని ఎవరూ తాడుతో కట్టలేదు. దాని పిల్లలే దానికి తాడయ్యాయి.

మేము ఇక్కడ ఫత్వా జారీ చేయడం లేదు. వెళ్లలేని స్థితి అనే కారణం గుడ్డి పిల్లిలో ఉన్నట్లే బాలింత పిల్లిలోనూ కొంతకాలం ఉంటుందని మాత్రం చెబుతున్నాము. కూనలు తమంతట తాము తినడం నేర్చేవరకు, అంటే సుమారు 8 వారాల పాటు, ఆ తల్లికి ఇంత తిండి, నీరు, నిలువ నీడ ఇవ్వడం ఒక విశ్వాసి కుటుంబానికి మోయరాని భారమేమీ కాదు.

తల్లి మనసులో దయను ఉంచినవాడు అల్లాహ్‌యే. ఆయన కారుణ్యంలో 100 భాగాలు ఉన్నాయనీ, వాటిలో ఒక్క భాగాన్నే భూమి మీదకు దించాడనీ, గుర్రం తన పిల్లకు తగలకూడదని గిట్టను ఎత్తి పట్టుకునేది ఆ ఒక్క భాగం వల్లనేననీ దైవప్రవక్త (స) బోధించారు (బుఖారీ, ముస్లిం). మరో సందర్భంలో, ఒక ప్రయాణంలో కొందరు సహాబీలు ఒక చిన్న పక్షి రెండు పిల్లలను తీసుకున్నారు. తల్లి పక్షి రెక్కలు చాపి అల్లాడసాగింది. పిల్లలను తీసుకుని దీన్ని బాధపెట్టింది ఎవరని దైవప్రవక్త (స) అడిగారు, వాటిని తిరిగి ఇచ్చేయమని ఆదేశించారు (అబూ దావూద్). పక్షి తల్లి బాధే ఆయనను కదిలించింది. అటువంటి ప్రవక్త అనుచరులం, కళ్లు తెరవని కూనలను తల్లి లేని సమయం చూసి సంచిలో వేసుకుపోవడం మనకు తగునా?

వదలడం వేరు, పారేయడం వేరు

"హదీసులో వదిలేయడానికి అనుమతి ఉంది కదా, మేమూ వదిలేశాం" అని ఇంకొందరు అంటారు. హదీసులో ఉన్నది తిండి వెతుక్కుని బతికేలా వదలడం. వేట తెలిసిన పిల్లిని, అది ఎరిగిన చోట స్వేచ్ఛగా ఉండనివ్వడం ఆ కోవలోకి వస్తుంది. పుట్టింది మొదలు గిన్నెలో పెట్టింది తిన్న ఫ్లాట్ పిల్లిని తెలియని బజారులో, కుక్కల మధ్య దించి రావడం ఆ కోవలోకి రాదు. కళ్లు తెరవని కూనలను కాలువ గట్టున పెట్టి రావడమైతే అసలే రాదు. దాన్ని వదలడం అనరు, పారేయడం అంటారు. చావు మన కళ్ల ముందు జరగలేదన్న ఊరట మనకు దక్కుతుందేమో. కానీ అల్లాహ్ దృష్టి నుంచి ఏదీ దాగదు.

మన దేశ చట్టం కూడా దీన్ని నేరంగానే చూస్తుంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం యజమాని జంతువుకు తగిన తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడం నేరం. ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో దాన్ని వదిలేయడం కూడా నేరమే. అందులో మొదటి తప్పుకు జరిమానా చాలా స్వల్పం. అయితే విశ్వాసి భయపడేది జరిమానాకు కాదు, ప్రళయ దినాన జరిగే విచారణకు.

మనం చేయగలిగిన పనులు

దయ ఉంటే సరిపోదు, తెలివిడి కూడా కావాలి. తెలియక చేసే మేలు కొన్నిసార్లు ప్రాణం మీదికి తెస్తుంది. కొన్ని విషయాలు గుర్తుంచుకోండి.

పిల్లి సుమారు 9 వారాలు, అంటే 63 నుంచి 67 రోజులు కడుపుతో ఉంటుంది. మూడో వారం నాటికి చనుమొనలు ఉబ్బి గులాబీ రంగుకు వస్తాయి. ఈ రోజుల్లో కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తిండి పెట్టాలి. మసాలా లేకుండా ఉడికించిన కోడి మాంసం, ముళ్లు తీసిన చేప మంచివి. వీలున్నవారు పిల్లికూనలకని దుకాణాల్లో అమ్మే ఆహారం పెట్టవచ్చు. మిగిలిన ఖుర్మా, బిర్యానీ పెట్టకండి. ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషం వంటివి. ఉడికిన ఎముకలు విరిగి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. పాలు పోస్తే చాలనుకుంటాం గానీ పెద్ద పిల్లులు చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. గిన్నెలో మంచినీళ్లు ఎప్పుడూ ఉండాలి.

జ్వరం వచ్చిందని మన మాత్రలు వేయకండి. ఒక్క పారాసిటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. ఏ మందైనా పశువుల డాక్టరు చెప్పాకే వేయాలి.

కాన్పుకు ముందు ఇంట్లో జన సంచారం తక్కువగా ఉండే మూలలో ఒక అట్టపెట్టె పెట్టి, లోపల ఉతికిన పాత బట్టలు పరవండి. కాన్పు సమయంలో చుట్టూ గుమిగూడకండి. అది తన పని తాను చేసుకోగలదు. అయితే 20, 30 నిమిషాలు గట్టిగా నొప్పులు తీసినా కూన బయటికి రాకపోతే, దుర్వాసనతో స్రావం కనిపిస్తే, తల్లి నీరసంగా పడిపోతే ఆలస్యం చేయక పశువైద్యశాలకు తీసుకువెళ్లాలి.

కూనలను బొమ్మల్లా పట్టుకుని తిరగవద్దని పిల్లలకు నచ్చజెప్పండి. దూరం నుంచి చూడనివ్వండి. తల్లి తన బిడ్డలను ఎలా సాకుతుందో చూడటం కూడా వారికి ఒక తర్బియతే. 8 వారాలు నిండకముందే కూనలను ఎవరికీ ఇవ్వకండి. పాలు మానకముందే జంతువును దాని పిల్ల నుంచి విడదీయకూడదని షాఫిఈ ధర్మవేత్తలు రాసి ఉంచారు. ఇచ్చేటప్పుడు కూడా నిజంగా చూసుకునే ఇల్లేనా అని విచారించి ఇవ్వండి. మూడు నెలలు నిండాక పిల్లికి రేబిస్ టీకా వేయించాలి. పిల్లి కరిచినా, రక్కినా ఆ చోటును సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే డాక్టరును కలవాలి. చిన్న గీతే కదా అని ఊరుకోకూడదు.

ఇంట్లో గర్భిణి ఉంటే పిల్లిని తరిమేయాలని కొందరు భయపెడతారు. పిల్లి మలం ద్వారా టాక్సోప్లాస్మా అనే వ్యాధి సోకే అవకాశం ఉన్నమాట నిజమే. అయితే ఆ క్రిములు బయటపడిన 1 నుంచి 5 రోజుల తర్వాతగానీ సోకే స్థితికి రావు. గర్భిణి కాక ఇంట్లో మరొకరు రోజూ ఆ చోటును శుభ్రం చేస్తే ప్రమాదం చాలావరకు తప్పుతుంది. గర్భిణి చేతులు శుభ్రంగా కడుక్కోవాలి. సరిగా ఉడకని మాంసం తినకూడదు, ఎందుకంటే ఈ వ్యాధి దాని ద్వారా కూడా వస్తుంది. ఒక తల్లి క్షేమం కోసం మరో తల్లిని వీధిన పడేయవలసిన అవసరం లేదు.

మళ్లీ మళ్లీ కాన్పులు

ఒక కాన్పు గట్టెక్కగానే బాధ్యత తీరదు. ఆడపిల్లి 4 నుంచి 6 నెలల వయసుకే ఎదకు రావచ్చు. కూనలకు పాలిస్తుండగానే మళ్లీ చూలు కట్టవచ్చు. ఏడాదికి రెండు మూడు కాన్పులైతే ఏ ఇల్లు భరిస్తుంది? గోనెసంచి బయటికి వచ్చేది అప్పుడే.

పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించవచ్చా? ఈ విషయంలో పండితుల మధ్య భేదాభిప్రాయం ఉంది. అల్లాహ్ సృష్టిలో జోక్యమని కొందరు నిషేధించారు. హనఫీ గ్రంథమైన ఫతావా ఆలంగీరీలో, ప్రయోజనం ఉన్నా, హాని తప్పేదైనా పిల్లికి బీజాలు తీయించడంలో తప్పు లేదని ఉంది. ఆడపిల్లి శస్త్రచికిత్స విషయంలోనూ ప్రాణాపాయం లేకుండా, మత్తు ఇచ్చి, నిపుణుడైన డాక్టరు చేత చేయిస్తే అనుమతి ఉందని నేటి పండితులు పలువురు చెబుతున్నారు. పుట్టిన కూనలను చావుకు వదలడంకన్నా పుట్టకముందే ఆపడం తక్కువ హాని అని మాకు తోస్తుంది. మీ ప్రాంతంలోని నమ్మకమైన ఆలిమ్‌ను కూడా సంప్రదించండి.

ఇక లాభం కోసం పిల్లులకు జత కట్టించేవారికి ఒక మాట. పిల్లి వెల తీసుకోవడాన్ని దైవప్రవక్త (స) వారించారని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపినట్లు ముస్లిం గ్రంథంలో ఉంది. ఎక్కువమంది ఇమాములు దాన్ని గట్టి నిషేధంగా భావించలేదు, అమ్మకం చెల్లుతుందన్నారు. చెల్లినా, కాన్పు మీద కాన్పు చేయించి తల్లిని పీల్చిపిప్పి చేసే హక్కు ఎవరికీ లేదు.

మనుషులకే దిక్కు లేనప్పుడు

ఇరుగుపొరుగు ఆకలితో ఉండగా పిల్లి గురించి ఇంత చర్చ ఎందుకని కొందరు అనవచ్చు. నిజమే, మనిషి హక్కు ముందుంటుంది. వేలు పోసి పిల్లికి విలాసాలు అమర్చి, పొరుగింటి వితంతువును మరచిపోయేవాడు తప్పకుండా నిందార్హుడే. పిల్లిని చేరదీసే స్తోమత లేనివారు పెంపకానికి పూనుకోకపోవడమే మేలు. అల్లాహ్ ఎవరి మీదా వారి శక్తికి మించిన భారం వేయడు. కానీ మేము అడుగుతున్నది విలాసం కాదు. గిన్నెడు నీళ్లు, పిడికెడు తిండి, ఒక అట్టపెట్టె. ఇవి ఇచ్చిన ఇంట్లో పొరుగువాడి వాటా తరిగిపోదు. తన ఇంటి మూలన ఉన్న బాలింత జీవి ఆకలి కనబడనివాడికి పొరుగింటి ఆకలి మాత్రం కనబడుతుందా?

మన పూర్వీకులు రెండింటినీ చూశారు. 1277లో మరణించిన ఈజిప్టు సుల్తాన్ బైబర్స్ దిక్కులేని పిల్లుల కోసం కైరోలో ఒక తోటను రాసి ఇచ్చాడని ఎడ్వర్డ్ లేన్ అనే ఆంగ్లేయుడు 1836లో వెలువడిన తన గ్రంథంలో నమోదు చేశాడు. కాలక్రమంలో ఆ తోట ఆదాయం తగ్గిపోయింది. అయినా లేన్ కాలంలో కూడా ఖాజీ న్యాయస్థానం ఆవరణలో ప్రతి సాయంత్రం పిల్లులకు తిండి పెట్టేవారట.

మనం తోటలు రాసి ఇవ్వనక్కర్లేదు. దాహంతో ఉన్న కుక్కకు బావిలోంచి తోలు మేజోడుతో నీళ్లు తెచ్చి తాగించిన మనిషిని అల్లాహ్ మన్నించాడు. ప్రాణమున్న ప్రతి జీవికీ చేసే మేలులో పుణ్యం ఉందని దైవప్రవక్త (స) ఆ సందర్భంలోనే తెలియజేశారు. ఒక స్త్రీని నరకానికి చేర్చింది మూసిన తలుపు. ఒక మనిషికి మన్నింపు తెచ్చిపెట్టింది మేజోడు నిండా నీళ్లు. మన అటక మీద వినిపించే ఆ సన్నని కూతలు ఈ రెండు దారుల్లో దేనివైపు వెళతామని మనల్ని అడుగుతున్నాయి.

మన ఆధీనంలో ఉన్న మూగజీవాల హక్కులను గుర్తించి నెరవేర్చే భాగ్యాన్ని, వాటి పట్ల కరుణ చూపే మనసును అల్లాహ్ మనకూ మన పిల్లలకూ ప్రసాదించుగాక! ఆమీన్.